బడి ఆవరణలోకి వచ్చిపోయేవారిని అదుపు చేయడం ఎలా: ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడి సమాధానం

అమ్మా, మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇది. రాజాం పరిసరాల్లోని ఒక జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలకు మీరు ఇన్‌చార్జి ప్రధానోపాధ్యాయురాలుగా వచ్చి ఇంకా ఏడాది కాలేదు. ప్రహరీ గోడ ఒక పక్క కూలి ఉంది. పగటిపూటే కొందరు కుర్రాళ్ళు లోపలికి వచ్చి బాలికల మరుగుదొడ్ల వైపు చెట్టు కింద కూర్చుంటున్నారు, చీకటి పడితే వరండాలో మందు సాగుతోంది. కిందటి నెలలో ఒక తండ్రి తాగి వచ్చి తరగతి గది గుమ్మంలో నిలబడి ఉపాధ్యాయుణ్ని తిట్టాడు, ఆనాటి నుంచి అతని కూతురు బడికి రావడం లేదు. కాపలాదారు లేని బడిలో వీటన్నిటినీ ఆపడం ఎలా, చట్టం ఎంతవరకు తోడు వస్తుంది అని అడిగారు.

సూటిగా చెబుతాను. పగటిపూట లోపలికి వచ్చే దారి ఒక్కటే ఉండాలి, ఆ దారిలో వచ్చిన ప్రతి మనిషినీ "ఎవరు కావాలండీ?" అని అడిగే పెద్దవారు ఒకరు ఉండాలి, ఆ ప్రశ్న సర్పంచి గారికీ కూలిమనిషికీ ఒక్కటే కావాలి. గోడ, కెమెరా, పోలీసు అన్నీ దీని తరువాతే. నేను శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో 31 ఏళ్ళు పనిచేశాను, అందులో చివరి 12 ఏళ్ళు ప్రధానోపాధ్యాయుడిగా ఉన్నాను. (2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడదీసినప్పుడు రాజాం విజయనగరంలోకి వచ్చింది గనుక, నేను కుర్చీలోంచి లేవకుండానే జిల్లా మారినవాణ్ని.) ఇన్నేళ్ళలో ముక్కూ మొహం తెలియనివాడి వల్ల మా బడికి ఇబ్బంది కలిగిన సందర్భాలు రెండో మూడో ఉంటాయి. తక్కినవన్నీ పేరు తెలిసినవారి వల్ల, చాలాసార్లు మన దగ్గర చదువుకున్నవారి వల్ల వచ్చినవే. తెలియనివాణ్ని ఎవరైనా ఆపగలరు, "మాస్టారూ, నేనండీ, ఫలానా బ్యాచి వాణ్ని" అంటూ నవ్వుతూ లోపలికి నడిచి వచ్చేవాణ్ని ఆపడానికి మాత్రం నియమం కావాలి, అది అందరికీ ఒకేలా వర్తిస్తోందని అతనికి ముందే తెలిసి ఉండాలి.

గేటు సంగతి. మొదటి గంట కొట్టిన పావుగంటకు పెద్ద గేటు మూసి, చిన్న గేటు ఒక్కటే తీసి ఉంచండి. చిన్న గేటు లేకపోతే పెద్ద గేటుకు గొలుసు వదులుగా వేసి ఒక మనిషి పట్టేంత సందు వదిలినా చాలు. అక్కడ ఒక బల్ల, దాని మీద సందర్శకుల పుస్తకం, దారం కట్టిన పెన్ను ఉండాలి. పేరు, ఊరు, ఫోను నంబరు, ఎవరి కోసం వచ్చారు, వచ్చిన వేళ, వెళ్ళిన వేళ, సంతకం: ఇన్ని గడులు చాలు. వెళ్ళిన వేళ గడి చాలా బడుల్లో ఖాళీగా కనబడుతుంది. ఈ క్షణాన లోపల ఇంకా ఎవరు ఉన్నారో చెప్పే గడి అదొక్కటే గనుక, అది నింపకపోతే పుస్తకం పెట్టీ ప్రయోజనం లేదు. చదువు రాని తల్లి వస్తే మీరే రాసి పక్కన పొడి సంతకం పెట్టండి, ఆ పుస్తకం చూసి ఆమె వెనక్కి తిరిగిపోకూడదు.

మరి ఆ బల్ల దగ్గర కూర్చునేది ఎవరు? మా బడిలో ఖాళీ పీరియడ్ల పట్టిక వేసుకున్నాము. ఖాళీగా ఉన్న ఉపాధ్యాయుడు స్టాఫ్ రూములో కాక, గేటు కనబడే వరండాలో కూర్చుని నోటుపుస్తకాలు దిద్దుకోవాలని మాట అనుకున్నాము. మొదట్లో అందరూ సణిగారు, ఒంటిపూట బడుల రోజుల్లో మరీ సణిగారు. నా పేరు కూడా పట్టికలో పెట్టుకుని వారానికి మూడు పీరియడ్లు నేనూ కూర్చున్న తరువాత ఆ సణుగుడు తగ్గింది.

పిల్లలను మాత్రం గేటు దగ్గర నిలబెట్టవద్దు. తరగతి లీడరుకు విజిలు ఇచ్చి గేటుకు కాపలా పెట్టే అలవాటు కొన్ని బడుల్లో చూశాను. ఎవరి నుంచి పిల్లలను కాపాడాలనుకుంటున్నామో వారికి ఎదురుగా పిల్లలనే నిలబెట్టడం తెలివైన పని కాదు. ఆయాను గాని, మధ్యాహ్న భోజనం వండే అక్కలను గాని తాగిన మనిషి మీదికి పంపడం కూడా అన్యాయం. సాయంత్రానికి వాళ్ళు అదే వీధికి ఇంటికి వెళ్ళాలి.

ఒక జాగ్రత్త చెప్పాలి. గేటు మూయమన్నాను గాని, తాళం వేసి చెవి జేబులో వేసుకోమనలేదు. 2004 జూలై 16న కుంభకోణంలో ఒక బడి తగలబడి 94 మంది పిల్లలు చనిపోయిన సంగతి మన వృత్తిలో ఉన్నవారు మరిచిపోకూడదు. లోపలి గడియ వేయండి, తాళం తప్పనిసరి అయితే చెవి అందరికీ తెలిసిన మేకుకు వేలాడాలి, వెనుక వైపు లోపలి నుంచి తెరుచుకునే రెండో దారి ఉండాలి.

కూలిన గోడ. బడికి ప్రహరీ గాని కంచె గాని ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే ఉంది, 2019 నవంబరులో ప్రభుత్వ బడుల బాగు కోసం మొదలైన నాడు-నేడు పనుల్లోనూ ప్రహరీ ఒక అంశంగా ఉండేది. కనుక మీరు అడిగేది దయాధర్మం కాదు. పాఠశాల యాజమాన్య కమిటీ (తల్లిదండ్రుల కమిటీ) తీర్మానం, కూలిన చోటు ఫోటోలు, అంచనా ఖర్చు జతపరచి పై అధికారుల ద్వారా జిల్లా విద్యాశాఖ కార్యాలయానికి పంపండి. డబ్బు వచ్చేలోగా వెదురు దడి కట్టించండి. అయితే దడి కట్టించే ముందు ఒక రోజంతా అక్కడ కూర్చుని, ఆ కంతలోంచి ఎవరు, ఏ వేళ, ఏ పనికి వస్తున్నారో చూడండి. ఈ మాట ఎందుకు అంటున్నానో చెబుతాను.

చీపురుపల్లి వైపు నేను పనిచేసిన ఒక బడిలో తూర్పు గోడకు మనిషి దూరేంత కన్నం ఉండేది. మూడుసార్లు ఇటుకలు పెట్టించి పూడ్పించాను, మూడుసార్లూ వారం తిరక్కుండా పగలగొట్టారు. కుర్రాళ్ళ ఆకతాయితనం అనుకుని పోలీసు స్టేషనులో కాగితం ఇవ్వడానికి సిద్ధమయ్యాను. కమిటీ సమావేశంలో ఎప్పుడూ నోరు విప్పని ఒక సభ్యురాలు ఆ రోజు, "అది గుంటల పని కాదు మాస్టారూ, చెరువు కాడికెల్లే దారండి, బడి కట్టక ముందు నుంచీ అదే దారండి" అంది (గుంటలంటే మా వైపు పిల్లలు). చుట్టూ తిరిగి వెళ్ళాలంటే అర కిలోమీటరుకు పైన నడవాలి, పశువులను తోలుకుపోయే ఆడవాళ్ళు ఆ గోడను పగలగొట్టక ఏం చేస్తారు? సర్వేయరును పిలిపించి కొలతలు వేయించి, ఆ వైపు కంచెను ఆరడుగులు లోపలికి వేసి, వెలుపల కాలిబాట వదిలాము. ఆ తరువాత నేనున్న అయిదేళ్ళలో ఆ కంచెను ఎవరూ ముట్టుకోలేదు. అయితే అది బడి స్థలం గనుక నోటిమాట మీద వదలకూడదు. కమిటీ తీర్మానమూ, పై అధికారి అనుమతీ తీసుకుని, సరిహద్దు మాత్రం మారలేదని కాగితం మీద రాసుకున్న తరువాతే ఆ పని చేశాము.

మరుగుదొడ్ల వైపు కూర్చునే కుర్రాళ్ళ విషయం దీనితో కలపవద్దు. దానికి రాజీ లేదు. ఒక బాలికను పదే పదే వెంబడించడం, అదేపనిగా చూస్తూ ఉండడం లైంగిక ఉద్దేశంతో జరిగితే అది పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం 11వ సెక్షను కింద లైంగిక వేధింపు, 12వ సెక్షను ప్రకారం మూడేళ్ళ వరకు శిక్ష. ముందుగా ఆ చెట్టు చుట్టూ పొదలు కొట్టించండి, కూర్చోవడానికి వాడుతున్న బండరాళ్ళు తీయించండి, మరుగుదొడ్లకు వెళ్ళే దారి తరగతి గదుల నుంచి కనబడేటట్టు చేయండి. తరువాత ఒక మహిళా ఉపాధ్యాయురాలి చేత ఆడపిల్లలను విడిగా కూర్చోబెట్టి, ఎవరైనా ఏమైనా అన్నారా, చేశారా అని అడిగించండి. నేను ఒకసారి ఇలా అడిగించినప్పుడు తెలిసింది, మా పిల్లలు నెలల తరబడి మధ్యాహ్నం నీళ్ళు తాగడం మానేశారట, మరుగుదొడ్డికి వెళ్ళవలసి వస్తుందని. ఆ సంగతి అంతకాలం నాకు తెలియకపోవడం నా వైఫల్యమే. పిల్లలు ఏదైనా నేరం చెబితే మీకు మరి ఆలోచించుకునే వెసులుబాటు లేదు. అదే పోక్సో చట్టం 19వ సెక్షను ప్రకారం పోలీసులకు తెలియజేసి తీరాలి, సంస్థ అధిపతి తన కింద పనిచేసేవారి మీద వచ్చిన ఫిర్యాదును దాచిపెడితే 21వ సెక్షను కింద ఏడాది వరకు జైలు ఉంది. "ఊరి పరువు" అంటూ పెద్దమనుషులు వచ్చి కూర్చుంటారు. వారికి మర్యాదగా టీ ఇవ్వండి, ఫిర్యాదు మాత్రం ఆపవద్దు.

ఇక అక్రమ ప్రవేశం గురించి చట్టం ఏమంటుందో చూద్దాం. 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులో ఉంది, అందులో ఇది 329వ సెక్షను. మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కానీ గేటు దాటి లోపలికి అడుగు పెట్టినంత మాత్రాన అది నేరం అయిపోదు. నేరం చేయాలనో, అక్కడున్నవారిని బెదిరించాలనో, అవమానించాలనో, చికాకు పెట్టాలనో ఉద్దేశంతో రావాలి, లేదా సక్రమంగానే వచ్చినా అటువంటి ఉద్దేశంతో వెళ్ళకుండా ఉండిపోవాలి. ఆ ఉద్దేశాన్ని రుజువు చేయడానికే మన కాగితాలు పనికివస్తాయి. "అనుమతి లేనిదే లోనికి రారాదు" అని తెలుగులో పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టండి. వచ్చినవాణ్ని ఇద్దరు పెద్దల ఎదుట వెళ్ళిపొమ్మని చెప్పండి, తేదీ, వేళ, అతను అన్న మాట అదే రోజు పుస్తకంలో రాయండి. మూడోసారి కూడా వస్తే ఆ పేజీల నకళ్ళతో స్టేషనుకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. నోటితో చెప్పిన ఫిర్యాదు ఆ ఎస్సై గారు బదిలీ అయిన రోజునే పోతుంది, కాగితం స్టేషనులో ఉంటుంది.

కిటికీలు, కుళాయిలు, ఫ్యాన్లు పగలగొడితే 1984 నాటి ప్రభుత్వ ఆస్తుల విధ్వంస నిరోధక చట్టం వర్తిస్తుంది. ఉపాధ్యాయుడి మీద చేయి చేసుకుని విధిని అడ్డుకుంటే సంహితలోని 132వ సెక్షను, రెండేళ్ళ వరకు శిక్ష. దీన్ని నోటిదురుసుకు వాడబోయి అభాసుపాలైన సహోద్యోగులు నాకు తెలుసు, దాడి గాని బలప్రయోగం గాని లేనిదే ఆ సెక్షను నిలవదు. బడికి 100 గజాల లోపు సిగరెట్లు, పొగాకు సరుకులు అమ్మకూడదన్న నిబంధన 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టంలో ఉంది. గేటు ఎదుటి బడ్డీకొట్టుతో ముందు ఒక మాట చెప్పి చూడండి, చాలాసార్లు అంతటితో సరిపోతుంది.

పిల్లను మధ్యలో తీసుకెళ్ళడానికి వచ్చేవారు. మీరు అడగలేదు గాని, నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదమైనది ఇదే. మన జిల్లాల్లో తల్లిదండ్రులు హైదరాబాదుకో చెన్నైకో పనులకు పోయి పిల్లలు అమ్మమ్మల దగ్గర, మేనమామల దగ్గర పెరగడం మామూలు గనుక, తండ్రి వస్తేనే పంపుతామన్న నియమం ఇక్కడ ఒక్క వారం కూడా నిలవదు. కాబట్టి జూన్‌లోనే ప్రతి బిడ్డకూ తీసుకెళ్ళదగిన ఇద్దరు ముగ్గురి పేర్లు, ఫోను నంబర్లు, వీలైతే ఫోటోలు తల్లిదండ్రుల సంతకంతో తీసుకోండి. వచ్చిన మనిషి ఇచ్చిన నంబరుకు కాక, మన రిజిస్టరులో ఉన్న నంబరుకే ఫోను చేయాలి.

ఒక మధ్యాహ్నం ఎనిమిదో తరగతి అమ్మాయి కోసం ఒకాయన మోటారుసైకిలు మీద వచ్చి, తాను మేనమామననీ, పిల్ల అమ్మమ్మకు బాగోలేదనీ చెప్పాడు. ఆ పిల్ల కూడా "మా మావయ్యేనండి" అంది. మా రిజిస్టరులోని నంబరు స్విచ్చాఫ్. అతను వేరే నంబరు చెప్పి దానికి చేయమన్నాడు, నేను చేయలేదు. ఆ ఊరి సచివాలయంలోని మహిళా పోలీసుకు ఫోను చేసి ఇంటికి పంపాను. ముసలమ్మకు నిజంగానే ప్రాణం మీదికి వచ్చింది, అతను నిజంగానే మేనమామ. ఇదంతా తేలడానికి నలభై నిమిషాలు పట్టింది. అతను రెండేళ్ళపాటు నా మొహం చూడలేదు. మళ్ళీ అదే సందర్భం వచ్చినా పిల్లను అలాగే ఆపుతాను, కానీ ఆ నలభై నిమిషాలూ అతన్ని గేటు బయట ఎండలో నిలబెట్టినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. లోపల కుర్చీ వేసి మంచినీళ్ళు ఇచ్చినా నియమానికి ఏ లోటూ వచ్చేది కాదు.

చీకటి పడ్డాక. ఊరికి ఆడుకునే చోటు మరొకటి లేనప్పుడు బడి మైదానానికి తాళం వేసి ఊరుకోవడం కుదరదు. ఒక బడిలో వాలీబాలు ఆడే యువకులను పిలిచి, సాయంత్రం 5 నుంచి 6.30 వరకు మైదానం మీదే, వరండా మాత్రం మీది కాదు, ఇద్దరు పేర్లిచ్చి బాధ్యత తీసుకోండి అన్నాను. నెట్టు కమిటీ కొనిచ్చింది. తాగేవారు వస్తే వీళ్ళే పంపించేసేవారు, ఉదయం సీసా పెంకులు ఏరే పని మా పిల్లలకు తప్పింది. ఎంతో సంతోషించి అదే పద్ధతిని తరువాతి బడిలో పెడితే ఘోరంగా విఫలమైంది. అది పెద్ద రోడ్డు పక్కనున్న బడి, వచ్చేవారు నాలుగు ఊళ్ళవారు, ఎవరి మాట ఎవరూ వినే పరిస్థితి లేదు. అక్కడ వరండాకు గ్రిల్లు వేయించి, రెండు దీపాలు పెట్టించి, రాత్రి గస్తీ అటు తిప్పమని స్టేషనుకు ఉత్తరం రాసిన తరువాతే ఒక దారికి వచ్చింది. మీది ఏ రకమైన ఊరో చూసుకుని నిర్ణయించుకోండి. సంక్రాంతి సెలవులు, వేసవి సెలవులు గడ్డు కాలం, అప్పటికి ఫ్యాన్లు, మోటారు లెక్క రాసి పెట్టుకోండి. కెమెరాలు పెట్టగలిగితే గేటుకు, వరండాకు పెట్టండి, మరుగుదొడ్ల వైపు ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. తాగినవాణ్ని అవి వెళ్ళగొట్టవు, మర్నాడు ఎవరో చెబుతాయి, అంతే.

అమ్మవారి సంబరాలకు మైదానం అడుగుతారు, కాదంటే ఊరంతా శత్రువు అవుతుంది. బడి లేని రోజుకు, కమిటీ తీర్మానంతో, పందిరి గుంతలు పూడ్చి శుభ్రం చేసి అప్పగించే షరతు మీద ఇవ్వండి. అలా ఇవ్వగలిగిన ప్రధానోపాధ్యాయుడి మాట పగటిపూట గేటు దగ్గర చెల్లుతుంది.

చివరగా ఆ తండ్రి. తాగి వచ్చినవాడితో పిల్లల ఎదుట వాదానికి దిగకూడదు. ఒక ఉపాధ్యాయుడు తరగతి తలుపు వేసుకోవాలి, ఇద్దరు అతని దగ్గరకు వెళ్ళాలి, ఒక్కరే మాట్లాడాలి, ఒంటి మీద చేయి వేయకూడదు, గేటు దగ్గరి చెట్టు కిందికి నడిపించి కూర్చోబెట్టాలి. పావుగంటలో తగ్గకపోతే 112కు ఫోను చేయాలి. ఇది అప్పటికి. తరువాత చేయవలసింది, అతను ఎందుకు వచ్చాడో కనుక్కోవడం. నా దగ్గరికి అలా వచ్చిన ఒక తండ్రి మాటల్లో బూతులు తీసేస్తే మిగిలిన విషయం ఏమిటంటే, మా ఉపాధ్యాయుడు అతని కూతుర్ని చెంప మీద కొట్టాడు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షను ప్రకారం తప్పు మాదే. అతను అంతకుముందు రెండుసార్లు మామూలుగా వచ్చి, కలిసేందుకు ఎవరూ దొరక్క తిరిగి వెళ్ళాడట. ఆ తరువాతే వారానికి రెండు సాయంత్రాలు తల్లిదండ్రుల కోసం నేను గదిలో ఉంటానని గేటుకు రాసి పెట్టాను.

కనుక గోడ అంచనాలు, స్టేషను ఉత్తరాలు వచ్చే వారం చూసుకోవచ్చు. ఈ వారం మాత్రం ఒక ఉపాధ్యాయురాలిని వెంటబెట్టుకుని, అతను కూలికి వెళ్ళక ముందు, ఉదయాన్నే ఆ ఇంటికి వెళ్ళండి. తిట్టిన సంగతి ఎత్తవద్దు, పిల్ల నోటుపుస్తకాలు తీసుకువెళ్ళండి. తండ్రి చేసిన గొడవకు తోటివారి ఎదుట తలెత్తుకోలేకనే ఆ పిల్ల ఆగిపోయి ఉంటుందని నా అనుమానం. ఆమె తిరిగి వచ్చే రోజున గేటు దగ్గర బల్ల ముందు మీరే కూర్చుంటే మంచిది.